గెట్టు చెరిగిన చోట
సరూర్‌నగర్ ఖాళీ స్థలాలు, వాటిలో పెరిగిన పిచ్చిమొక్కలు, వాటి చుట్టూ పుట్టిన నిబంధనలు: ఒక సింహావలోకనం

శివరాత్రి వెళ్ళి పది రోజులైతే చాలు, మా వీధి చివరి ప్లాటు రంగు మారిపోతుంది. 200 గజాల స్థలం అది. రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్ళు, వెనక ఒక అపార్ట్‌మెంటు ప్రహరీ. నాలుగు మూలలా ఎప్పుడో పాతిన కడీల్లో రెండు ఒరిగిపోయాయి. వానాకాలంలో నడుమెత్తు పెరిగిన గడ్డి ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. దాని మధ్య వయ్యారిభామ కాడలు పుల్లల్లా నిలబడి ఉంటాయి. ఒక మూల సర్కారు తుమ్మ గొడుగు పట్టినట్టు ఉంటుంది. అడుగున కొబ్బరి చిప్పలు, ఫంక్షన్లలో తిని పారేసిన ప్లేట్లు, సంక్రాంతి నాటి మాంజా. పైన కరెంటు తీగలు.

ఒక సాయంత్రం ఎవరో ఆ మూల ఊడ్చిన ఆకులకు అగ్గిపుల్ల గీసి వెళ్ళిపోయారు. గాలి అటు తిరిగింది. నేను గేటు తీసి బయటికి వచ్చేలోపు మంట సగం ప్లాటు పాకింది. చిటపటమంటూ గడ్డి కాలే చప్పుడు, ప్లాస్టిక్ మాడిన వాసన. ఒకరు మేడ మీది ట్యాంకు నుంచి పైపు వేశారు, పిల్లలు బకెట్లు మోశారు, పక్కింటాయన తడి గోనెసంచితో కొట్టాడు. ఫైరింజన్ సందులోకి తిరిగే సరికి మంట ఆరి పొగ మిగిలింది. ఒక కారు కవరు కాలింది, ప్రహరీ నల్లబడింది, ఎదురింటి పెద్దావిడ రాత్రంతా దగ్గుతూనే ఉంది. అంతకంటే పెద్ద నష్టం జరగలేదు. ఆ రాత్రి వీధిలో అందరి నోటా ఒకటే మాట: ఇంతకీ ఈ ప్లాటు ఎవరిది?

పదిహేనేళ్ళుగా పక్కనే ఉంటున్న వాళ్ళెవరికీ తెలియదు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఎవరి నేల మీది గడ్డిని ఎవరు కొయ్యాలి అన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది. వెనక్కి వెళ్ళి చూస్తే మాత్రం ఈ నేల మీద ఆ సంగతికి నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

తోటగా పుట్టిన ఊరు

సరూర్‌నగర్ చెరువును కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో తవ్వించారని చెబుతారు. ఊరికి ఆ పేరు మాత్రం తరవాత వచ్చింది. నిజాం అలీఖాన్ దగ్గర దివానుగా పనిచేసిన అరస్తు జా తన ప్రియమైన సురూర్ అఫ్జా బాయి కోసం ఇక్కడ తోట వేయించి, భవనం కట్టించాడు. ఆమె పేరే ఊరి పేరైంది. సురూర్ అంటే ఆనందం. పక్కనున్న దిల్‌సుఖ్‌నగర్ దిల్‌సుఖ్ రామ్ అనే జాగీర్దారు పేరు మీద వెలిసింది. ఆ మాటకు అర్థం మనసుకు సుఖం. ఆనందం, సుఖం అని పేర్లు పెట్టుకున్న ఈ రెండు ఊళ్ళూ ఒకప్పుడు తోటలు, పొలాలు, వేటమైదానాలు. మహబూబ్ అలీ పాషా కాలంలో ఇక్కడి రాజభవనమే అనాథ పిల్లలకు ఆశ్రయమై విక్టోరియా మెమోరియల్ హోమ్ అయింది. ఇవాళ మెట్రో స్టేషనుకు ఉన్నది ఆ పేరే.

తోట అంటే మాలీ ఉంటాడు. చెరువు అంటే నీరటికాడు ఉంటాడు. తూము తెరవడం, మూయడం, కాలువలో పేరుకున్న నాచూ తుంగా తీయించడం, కట్ట మీద వేరు పారే చెట్లు మొలవకుండా చూడడం అతని పని. ఆ పనికి ఊరు గింజలు కొలిచేది, కొన్ని చోట్ల ఇనాం భూమి ఉండేది. ఇక పొలం సంగతి చెప్పనక్కర్లేదు. నాట్లకు ముందు ఒడ్లు చెక్కడం రైతుకు దుక్కి దున్నడమంత ముఖ్యం. ఒడ్డు మీద గడ్డి వదిలేస్తే ఎలుకలు బొక్కలు చేస్తాయి, నీళ్ళు కారిపోతాయి, కలుపు గింజలు పక్క మడిలో రాలతాయి. నీ ఒడ్డు నువ్వు చెక్కకపోతే పక్కవాడు పొద్దున్నే మీ ఇంటి ముందు నిలబడి అడుగుతాడు. గెట్టు అంటే ఇద్దరి మధ్య హద్దు మాత్రమే అనుకుంటాం, ఇద్దరి మధ్య బాధ్యత కూడా అదే.

పైగా గడ్డికి విలువ ఉండేది. కోసుకెళ్తే బర్రెకు మేత. ఎండేదాకా గడ్డిని నిలవనిచ్చే తీరిక ఎవరికీ లేదు. అగ్గి పెట్టడానికి మిగలని గడ్డికి నిబంధన రాసే అవసరం ఎవరికి వస్తుంది?

జ్వరం రాయించిన చట్టాలు

ఈ ఆచారం మొదట కాగితం మీదికి ఎక్కింది బ్రిటిషు పాలనలోని తెలుగు జిల్లాల్లో. అక్కడ కుడిమరామత్తు అని ఒక పద్ధతి ఉండేది. చెరువు కట్టలు, కాలువలు బాగుచేసుకునే చిన్న పనులకు ఆయకట్టు రైతులందరూ మనుషుల్ని పంపాలి. ఆ ఆచారం సడలుతుంటే 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. ఆచారం ప్రకారం రావలసిన కూలీని పంపని వాడి దగ్గర ఆ కూలీ విలువకు రెట్టింపు వసూలు చేయవచ్చునని అందులో ఉంది. దాన్ని గట్టిగా అమలు చేసింది తక్కువ. అయినా అందులోని ఆలోచన గమనించదగ్గది. నీ పని నువ్వు చెయ్యి, లేదంటే నీ ఖర్చుతో మేం చేయిస్తాం. ఆ తరవాత నూటయాభై ఏళ్ళలో వచ్చిన ప్రతి నిబంధనకూ వెన్నెముక ఇదే.

1919లో మద్రాసు వ్యవసాయ చీడలు, తెగుళ్ళ చట్టం వచ్చింది. పురుగులు, తెగుళ్ళతో పాటు హాని చేసే కలుపు మొక్కల్నీ అది లెక్కలోకి తీసుకుంది. ప్రభుత్వం ఒక మొక్కను కలుపుగా ప్రకటిస్తే, తన భూమిలో దాన్ని తీసేయడం భూమి గల వాడి బాధ్యత. తీయకపోతే అధికారి తీయించి ఖర్చు వసూలు చేస్తాడు.

పట్టణాల్లో కథ వేరే దారిలో నడిచింది. అక్కడ భయం పంట గురించి కాదు, జ్వరం గురించి. 1888 బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం హానికరమైన మొక్కల్ని తొలగించడాన్ని నగరపాలన విధుల్లో చేర్చింది. పొదలు, మురుగు, చెడుగాలి కలిసి మలేరియా పుట్టిస్తాయని జనం నమ్ముతున్న కాలమది. ఆ నమ్మకాన్ని మార్చిన పరిశోధన మన ఊళ్ళోనే జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అసలు దోషి గడ్డి కాదని తేలింది. గడ్డి చాటున నిలిచిన నీళ్ళు దోమకు పుట్టిల్లు, పొద నీడ దానికి పగటి విడిది. అందువల్ల పొద కొట్టించే నిబంధనకు కారణం మారింది తప్ప నిబంధన పోలేదు.

హైదరాబాదులో మునిసిపల్ పాలన 1869లో మొదటి సాలార్‌జంగ్ హయాంలో మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచింది, 1911లో ప్లేగు వచ్చింది, ఆ మరుసటి ఏడు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీల్ని తెరిపించడం, గాలి వెలుతురు రానివ్వడం, మురుగు తీయడం దాని లక్ష్యాలు. సరూర్‌నగర్ అప్పటికి నగరం వెలుపలి పల్లె. ఆ బోర్డు చూపు ఇంత దూరం రాలేదు, రావలసిన అవసరమూ లేదు. ఇక్కడ గెట్టు ఇంకా చెరగలేదు.

మూడు పరాయి మొక్కలు

ఇదే కాలంలో మరో చరిత్ర మెల్లగా వేళ్ళూనింది. ఇవాళ మన ఖాళీ ప్లాట్లను, చెరువులను ఏలుతున్న మొక్కల్లో పెద్దవి ఈ నేలవి కావు.

మొదటిది సర్కారు తుమ్మ. కోస్తాలో ఇంగ్లీషు తుమ్మ అంటారు. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ వంటచెరకు కొరత తీర్చడానికి దీని విత్తనాలు అడిగాడు. 1877 ప్రాంతంలో జమైకా విత్తనం మన తెలుగు నేల మీదే, కడప జిల్లా కమలాపురంలో నాటుకుంది. సర్కారు నాటించింది కాబట్టి సర్కారు తుమ్మ అన్నారు జనం. ఆ పేరులో దాని చరిత్రంతా ఉంది. పేదవాడి పొయ్యికి పుల్ల ఇచ్చింది, బొగ్గు ఇచ్చింది, నిజమే. నరికితే మళ్ళీ చిగురిస్తుంది, మేకలు కాయలు తిని గింజల్ని ఊరంతా చల్లుతాయి, వేరు లోతుకు దిగుతుంది. తమిళనాడులో దీన్ని తీయించాలని 2017లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి దాకా వ్యాజ్యం నడిచింది. సర్కారు నాటిన చెట్టును పీకించమని సర్కారునే ఆదేశించే రోజు రావడానికి నూటనలభై ఏళ్ళు పట్టింది.

రెండోది గుర్రపుడెక్క. ఊదా పువ్వు అందానికి మురిసి తెచ్చుకున్న మొక్క. మురుగునీరు కలిసే ప్రతి చెరువులో లాగే సరూర్‌నగర్ చెరువులోనూ పచ్చటి దుప్పటి పరిచింది. ఏటా తీయిస్తారు, ఏటా వస్తుంది. మురుగు ఆగనంతకాలం దానికి తిండి ఆగదు.

మూడోది, అన్నిటికంటే మొండిది, వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అన్నా అదే. 1955లో పుణెలో మొదట కంటబడింది. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో కలిసి వచ్చిందని చెబుతారు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పశువు ముట్టదు. తాకితే చర్మం దురద పెడుతుంది, పుప్పొడి పీలిస్తే ఆయాసం. కర్ణాటక 1975లోనే దీన్ని చట్టప్రకారం కలుపుగా ప్రకటించింది. 1980ల్లో మెక్సికో నుంచి దీని ఆకులు తినే పెంకుపురుగును తెప్పించి బెంగళూరులో వదిలారు. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దీని మీద అవగాహన వారం నడుపుతుంది. వయ్యారిభామకు ఇష్టమైన చోటు ఒకటే: కదిలించి వదిలేసిన నేల. దున్ని విత్తని పొలం, తవ్వి పూడ్చని రోడ్డు, చదును చేసి కట్టని ప్లాటు. సరూర్‌నగర్‌లో అలాంటి నేలకు కొదవ లేకుండా పోయే కాలం అప్పుడే మొదలైంది.

పొలం ప్లాటైన కాలం

1955లో హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. 1960లో సికింద్రాబాద్ హైదరాబాదులో కలిసింది. 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలయ్యాక ఇక్కడ నడిచింది ఇదే. ఈ చట్టాలన్నిటిదీ ఒకే తీరు. ప్రజల ఆరోగ్యానికి హాని చేసేలా ఉన్న స్థలాన్ని శుభ్రం చేయమని యజమానికి నోటీసు, గడువు, గడువు దాటితే పురపాలక సంఘమే చేయించి ఖర్చు వసూలు. చట్టంలో లోటు లేదు. లోటు ఇంకో చోట ఉంది.

1975లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) ఏర్పడింది. మరుసటి ఏడు పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం వచ్చి, హైదరాబాదులో ఒక్కరి పేరున 1,000 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదంది. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. ఆ రెండు మూడు దశాబ్దాల్లో నాగార్జునసాగర్ రోడ్డుకూ విజయవాడ రోడ్డుకూ అటూ ఇటూ ఉన్న పొలాలు ముక్కలు ముక్కలుగా అమ్ముడయ్యాయి. కొన్నది ఎవరు? బ్యాంకు గుమాస్తా, ఆర్టీసీ కండక్టరు, నల్గొండ జిల్లా టీచరు, గుంటూరు రైతు, దుబాయి వెళ్ళిన మేస్త్రీ. కొంతమంది ఇల్లు కట్టుకున్నారు. చాలామందికి అది కూతురి పెళ్ళికి దాచిన బంగారం లాంటిది. బీరువాలో దస్తావేజు ఉంటుంది, నేల మాత్రం ఎక్కడో ఉంటుంది. సంవత్సరానికోసారి వచ్చి హద్దురాళ్ళు చూసుకుని వెళ్ళిపోతారు.

పొలం ఉన్న చోట గెట్టు ఉండేది, గెట్టు అవతల ముఖం తెలిసిన పొరుగువాడు ఉండేవాడు. ప్లాటుకు హద్దురాయి ఉంది, నంబరు ఉంది. పొరుగు మాత్రం లేదు.

మొదట్లో ఆ లోటు తెలియలేదు. దానికి కారణం బర్రెలు. 1980ల దాకా ఈ చుట్టుపక్కల పాల షెడ్లు చాలా ఉండేవి. పొద్దున పాలు పిండి మందను వదిలితే ఖాళీ ప్లాట్లన్నీ మేసి సాయంత్రానికి తిరిగొచ్చేవి. కొడవలి, గోనెసంచి పట్టుకుని గడ్డి కోసుకునే ఆడవాళ్ళు వీధి వీధినా కనిపించేవారు. ఏ నోటీసూ లేకుండా, ఎవరూ డబ్బివ్వకుండా స్థలాలు శుభ్రంగా ఉన్నాయంటే ఆ పుణ్యం వాళ్ళదీ ఆ బర్రెలదీ. కాలనీలు చిక్కబడ్డాక షెడ్లు ఊరి బయటికి జరిగాయి. మేత గడ్డి పోయి, పశువు ముట్టని వయ్యారిభామ పెరిగింది. నగరం శుభ్రతకు పునాదిగా ఉన్న ఒక పాత ఏర్పాటు కూలిపోయినా, దాని స్థానంలో ఏం పెట్టాలని ఎవరూ అడగలేదు.

2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్, గడ్డిఅన్నారంతో కలిపి 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు గ్రేటర్ హైదరాబాదులో కలిశాయి. అప్పటి నుంచి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పేరుతో మూడుసార్లు ద్వారాలు తెరిచారు: 2007 చివర, 2015లో, 2020లో. 2020లో రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ అంకెలోనే మన సమస్య పరిమాణం ఉంది. ఖాళీ స్థలానికి పన్ను ఉంది, క్రమబద్ధీకరణకు రుసుము ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. యజమాని పేరూ చిరునామా ప్రభుత్వం దగ్గర మూడు చోట్ల ఉన్నా, పొద కొట్టించాల్సి వచ్చిన రోజున మాత్రం ఆయన దొరకడు.

నిప్పు, పొగ, నీళ్ళు

మన చట్టాలు జ్వరంతో పుట్టాయి కాబట్టి వాటి కన్ను దోమ మీదే ఉంది. నిప్పు మీద లేదు. అగ్నిమాపక నిబంధనలేమో భవనాల ఎత్తు, మెట్లు, నీటి ట్యాంకుల గురించి మాట్లాడతాయి. భవనం లేని చోట కాలే గడ్డి ఈ రెంటి మధ్యా జారిపోయింది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతాం. 1944లో బొంబాయి రేవులో జరిగిన పేలుడులో ప్రాణాలర్పించిన సిబ్బంది స్మృతి అది. ఆ వారం వచ్చేసరికే మన దగ్గర గడ్డి ఎండి నెల దాటి ఉంటుంది.

నిప్పు సంగతి బాగా తెలిసిన చోటు ఇక్కడికి దగ్గరలోనే ఉంది. వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలి, నిజాముల పాత వేటమైదానం, 1975లో కృష్ణజింకల కోసం రక్షిత ప్రాంతమైంది. సుమారు 3,600 ఎకరాలు. అక్కడ గడ్డి శత్రువు కాదు, జింకకు అన్నం. అందుకని అడవి శాఖ వాళ్ళు గడ్డినంతా కొట్టరు. ఎండలు ముదరకముందే వరసగా నేల చెక్కి అగ్ని రేఖలు తీస్తారు, మంట ఒకచోట పుట్టినా రేఖ దగ్గర ఆగిపోయేలా. గడ్డి మీద పగ పట్టకుండా, మంట నడిచే దారిని మాత్రం తెంచే పద్ధతి అది. ప్రహరీకి అవతలున్న కాలనీలు నేర్చుకోవలసింది ఇదే.

మనం నేర్చుకున్నది వేరు. పొద పెరిగితే నిప్పు పెట్టడం. కూలి ఖర్చు లేదు, గంటలో స్థలం చదును. కానీ ఆ పొగలో గడ్డితో పాటు ప్లాస్టిక్ ఉంటుంది, వయ్యారిభామ ఉంటుంది, పక్కింట్లో ఉబ్బసం మనిషి ఉంటాడు. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయల జరిమానా అంది. పైగా నిప్పు పైనున్న కాడలను కాలుస్తుంది కానీ మట్టిలోని గింజలన్నిటినీ చంపదు. బూడిద మీద తొలకరి పడగానే మొదట మొలిచేది మళ్ళీ ఆ వయ్యారిభామే.

తెలంగాణలో 2019 సెప్టెంబరు 6న పల్లెల్లో 30 రోజుల ప్రణాళిక, 2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి మొదలయ్యాయి. ఖాళీ స్థలాల్లో పొదలు కొట్టించడం రెంటిలోనూ ముఖ్యమైన పని. అదే ఏడు మే నెలలో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అంటూ ఇంటి చుట్టూ నిలిచిన నీళ్ళు పారబోయమన్నారు. వీధుల్లోకి జేసీబీలు వచ్చాయి, ఫోటోలు దిగారు, ఒక సీజను బాగుంది. మంచి ప్రయత్నమే. కానీ పండుగలా వచ్చి పండుగలా వెళ్ళిపోయింది. జేసీబీ బకెట్టు పైమట్టిని గీకేసి వెళ్ళిన చోట మరుసటి వానాకాలం కలుపు మరింత చిక్కగా వచ్చింది.

ఆ ఏడే అక్టోబరు 13న కుండపోత కురిసింది. సరూర్‌నగర్ చెరువు పొంగి కింది కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. చెరువు నీళ్ళు పోయే దారుల్ని మనం ఇళ్ళతో మూసిన పాపమే దానికి ప్రధాన కారణం. అయితే మిగిలిన నాలాల్లో పేరుకున్న పొదలూ చెత్తా కూడా నీళ్ళను ఆపాయి. కాలువలో తుంగ తీయించే నీరటికాడి ఉద్యోగం ఎప్పుడో పోయింది. అతని పని మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఒకే మనిషి, రెండు స్థలాలు

ప్రపంచం ఈ విషయంలో కన్నీళ్ళతో పాఠం నేర్చుకుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1954 చట్టం ప్రకారం స్థానిక సంస్థ నోటీసు ఇస్తే భూమి గలవాళ్ళు వేసవికి ముందే మంట ఆగే పట్టీలు తీయాలి. పోర్చుగల్‌లో 2017 జూన్‌లో పెద్రోగావ్ గ్రాందె మంటల్లో 66 మంది చనిపోయాక, ఇళ్ళ చుట్టూ 50 మీటర్ల మేర శుభ్రం చేయాలన్న నిబంధనకు ప్రాణం వచ్చింది. గ్రీసు ఊళ్ళలోని ఖాళీ స్థలాలకు ఏప్రిల్ 30ని గడువుగా పెట్టి, శుభ్రం చేశామని యజమాని ఆన్‌లైన్‌లో నమోదు చేయాలంది. కాలిఫోర్నియాలో మంటల ముప్పున్న ప్రాంతాల్లో ఇంటి చుట్టూ 100 అడుగుల వరకు ఎండుగడ్డి, పొదలు తగ్గించాలి. 2018 నవంబరులో ప్యారడైజ్ పట్టణం కాలిపోయి 85 మంది చనిపోయాక ఆ మాటను అక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు.

ఆ కాలిఫోర్నియాలోనే ఫ్రీమాంట్, శాన్‌రామన్, డబ్లిన్ ఊళ్ళ నిండా మనవాళ్ళున్నారు. కొండవాలు ప్రాంతాల్లో వసంతం వస్తే కలుపు తీయమని అగ్నిమాపక శాఖ నుంచి ఉత్తరం వస్తుంది. గడువులోపు తీయకపోతే వాళ్ళే తీయించి ఆ ఖర్చును ఇంటి పన్ను బిల్లులో కలిపేస్తారు. మనవాళ్ళు ఉత్తరం అందిన వారంలోనే మనిషిని పెట్టి గడ్డి కొట్టిస్తారు. వాళ్ళలో ఎందరికో కొత్తపేటలోనో కర్మన్‌ఘాట్‌లోనో ఒక ప్లాటు ఉంటుంది. దాని మీద పదేళ్ళుగా కత్తి పడి ఉండదు. మనిషి ఒక్కడే, స్వభావం ఒక్కటే. అక్కడ ఉత్తరం వచ్చింది, తేదీ ఉంది, తేదీ దాటితే ఏమవుతుందో తెలుసు. ఇక్కడ ఆ మూడూ లేవు. మనవాళ్ళకు పౌరబాధ్యత లేదని నిందించే ముందు ఈ ఒక్క తేడాను ఆలోచించాలి.

గునుగు పువ్వు చెప్పిన మాట

మంట ఆరిన తరవాత మా వీధివాళ్ళం ఆ ప్లాటు యజమానిని వెతికాం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే పేరు దొరికింది. ఫోన్ నంబరు దొరకడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. రిటైరైన ఉద్యోగి. వేరే జిల్లాలో కొడుకు దగ్గర ఉంటున్నారు. 1986లో జీపీఎఫ్ అప్పు తీసి కూతురి పేరున కొన్నారట. విషయం చెప్పగానే ఆయన గొంతు తగ్గిపోయింది. “ఎవరికీ దెబ్బ తగల్లేదు కదండీ?” అని మూడుసార్లు అడిగారు. తరవాత అన్నారు: “ఇన్నేళ్ళలో ఆ ప్లాటు అమ్ముతారా అని వందమంది ఫోన్ చేశారు. గడ్డి పెరిగింది కొట్టించండి అని ఒక్కరూ చెయ్యలేదు.” కూలి డబ్బు ఆ సాయంత్రమే పంపారు.

పని బోనాల వారంలో పెట్టుకున్నాం. నాలుగు వానలు పడి నేల మెత్తబడింది. వయ్యారిభామ ఇంకా పూతకు రాలేదు. చేతులకు తొడుగులు వేసుకుని, మొదలు దగ్గర పట్టుకుని లాగితే వేరుతో సహా వస్తుంది. పూత రాకముందు పీకినది గుంటలో వేసి మట్టి కప్పితే ఎరువవుతుంది. పూశాక పీకితే గింజ రాలుతుంది, కొడవలితో కోస్తే మొదలు మళ్ళీ చిగురిస్తుంది. సర్కారు తుమ్మను మొదలుకంటా తవ్వించాం. ప్రహరీల వెంట మూడడుగుల పట్టీ చెక్కించాం.

ఒక మూల కూలికి వచ్చిన పెద్దమ్మ ఆగిపోయింది. అరచేతి ఎత్తు మొక్కల గుంపు చూపించి, “ఇవి పీకకుండ్రి సారూ. గునుగు. బతుకమ్మకు కావాలె,” అంది. ఒకప్పుడు ఈ ప్లాట్ల నిండా గునుగే ఉండేదని, పెద్దరామాస నాటికి ఆడపిల్లలు వీధి వీధి తిరిగి ఒడినిండా కోసుకునేవారని చెప్పింది. ఇప్పుడు బజార్లో కట్టలు కొంటున్నాం. వినాయకుడికి పెట్టే గరిక, ఉత్తరేణి, గలిజేరు, నేల ఉసిరి, ఇవన్నీ వ్యవసాయశాస్త్రం లెక్కలో కలుపు మొక్కలే. మన లెక్కలో కావు. ఖాళీ స్థలాన్ని బోడిగా గొరగమనే నిబంధన అడవి శాఖ అగ్ని రేఖ కంటే తెలివి తక్కువది. ఏది పీకాలో, ఏది ఉంచాలో, ఎప్పుడు చేయాలో చెప్పే నిబంధన కావాలి.

అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. పాత చట్టానికి రెండు తేదీలు చాలు. బోనాలకు ఒకసారి, వయ్యారిభామ పూయకముందు. శివరాత్రికి ఒకసారి, ఎండుగడ్డి నిప్పు కాకముందు. ఈ రెండూ ప్రతి ఇంట్లోని క్యాలెండరులో ఇప్పటికే ఉన్నాయి. నెల ముందు యజమాని ఫోనుకు ఒక సందేశం వెళ్ళాలి. పన్ను రికార్డు, రిజిస్ట్రేషన్ రికార్డు కలిపితే నంబరు దొరకడం కష్టం కాదు. చేయలేనివారికి వార్డు స్థాయిలో మహిళా సంఘాలతో పని చేయించి, కూలి ఎంతో ముందే ప్రకటించి, పన్నులో కలపాలి. నిప్పు పెట్టడానికి, పైమట్టి గీకడానికి వీల్లేదని అదే సందేశంలో రాయాలి. గడువు దాటితే ఖర్చు రెట్టింపు అనవచ్చు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఆ మాట అననే అంది.

ఆ శరదృతువులో మా వీధి చివర వెండిరంగు గునుగు విరగబూసింది. ఎంగిలిపూల బతుకమ్మ నాటి పొద్దున ఇద్దరు పిల్లలు ప్లాటులోకి దిగి పూలు కోస్తుంటే, ఎదురింటి పెద్దావిడ గేటు దగ్గర నిలబడి పాములున్నాయేమో చూసుకోండని కేకేసింది. పూలు బుట్టలో పేర్చుతున్నప్పుడు ఒక ఫోటో తీసి యజమానికి పంపాం. ఆయన జవాబులో ఒకే ఒక మాట అడిగారు: మళ్ళీ కోత శివరాత్రికేనా?